ఆరో రూలు

వర్క్‌షాపు మొదలయ్యే రోజున ఈగలక్క గంట ముందే వచ్చి ఈగల మేత పొయ్యి మీద పెట్టింది. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు కలిపిన నీళ్ళు పెద్ద గిన్నెలో కుతకుతలాడుతుంటే అడుగంటకుండా చెక్కగరిటెతో తిప్పుతోంది. గరిటె ఎత్తితే జావ తీగలా సాగాలి. తెగి పడిందంటే నీళ్ళెక్కువైనట్టే, ఈగలు కాళ్ళు ఇరుక్కుని అందులోనే చస్తాయి. సరిగ్గా సాగిన క్షణాన దించేసి, చల్లారేలోగా నాలుగు వందల గాజుసీసాల్లో రెండు వేళ్ళ మందాన పొయ్యాలి. ఈ కొలత ఏ పుస్తకంలోనూ లేదు. పన్నెండేళ్ళుగా ఆమె చేతిలో ఉంది.

ఆ పరిశోధనశాలలో పెంచేవి పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు, నువ్వుగింజంతవి. అవి రెండు వరసలు. ఒకటి మామూలు వరస. రెండోదాన్ని ముసలి వరస అంటారు. ఆ వరసలో ఈగలు పండుముసలివయ్యాక పెట్టిన గుడ్లను మాత్రమే తర్వాతి తరానికి ఉంచుతారు, వయసులో పెట్టినవన్నీ పారేస్తారు. అలా అరవై తరాలు గడిచేసరికి ముసలి వరస ఈగలు మామూలు వాటికి రెట్టింపు కాలం బతకసాగాయి. బతకడమే కాదు, భలే నెమ్మదించాయి కూడా. సీసా కదిపితే నాలుగడుగులు వేసి ఊరుకుంటాయి. బలం దాచుకునే జీవికే ఆయుష్షు ఎక్కువని, పరిశోధనశాలని నడిపే పెద్దసారు వాటి మీద పేరుమోసిన వ్యాసాలు రాశారు. "నిదానమే ప్రధానం అని ఊరికే అన్నారా!" అని ఆయన ప్రతి సభలోనూ అంటారు, ప్రతి సభలోనూ చప్పట్లు పడతాయి. ఈగలు చప్పట్లు కొట్టలేవు కాబట్టి సరిపోయింది.

ఆ ఈగల్ని పన్నెండేళ్ళూ బతికించింది ఈగలక్క. ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడుతూ నెట్టుకొస్తోంది. ఈసారి మాత్రం ఆమెను పర్మినెంటు చేసే ఫైలు అన్ని బల్లలూ దాటి పెద్దసారు బల్ల మీదికి చేరింది. ఆయన సంతకం ఒక్కటే మిగిలింది. అది పడితే కుటుంబానికంతటికీ ఆస్పత్రి కార్డు వస్తుంది. ఆమె మొగుడు గడియారాలు బాగుచేస్తాడు, కుడికంట్లో పొర కమ్మేసి ఏడాదిగా మరలు కనబడటంలేదు. కార్డు రాగానే ఆపరేషన్ అని ఇద్దరూ అనుకున్నారు.

హాల్లో పన్నెండుమంది విద్యార్థులు కూర్చున్నారు. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అతిథి మేడమ్ బోర్డు మీద ఒక్క ముక్క రాసింది: 'ప్రశ్న ఎక్కణ్ణుంచి పుడుతుంది?' నాలుగు రోజుల్లో ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న తయారుచేసుకోవాలి. నాలుగో రోజున అందరి ముందూ చెప్పాలి. అన్నిట్లోకీ మంచి ప్రశ్న ఎవరిదైతే వాళ్ళకి పెద్దసారు దగ్గర పరిశోధన సీటు.

ఈగలక్క ట్రేలో సీసాలు తెచ్చి మనిషికి రెండు చొప్పున పెట్టింది, ఒకటి మామూలు వరస, ఒకటి ముసలి వరస.

"గంటసేపు చూడండి. ఎందుకు అని రాయొద్దు. కనబడింది మాత్రమే రాయండి" అంది అతిథి మేడమ్.

పది నిమిషాలకి చాలామందికి చూడటం అయిపోయింది. చివరి బల్ల దగ్గర పొట్టి అమ్మాయి ఒకతి మాత్రం సీసాకి ముక్కు ఆనించి, తల ఎత్తకుండా లావుపాటి నోటుబుక్కులో రాస్తూనే ఉంది. మేడమ్ మాట్లాడినా రాస్తుంది, ఎవరైనా దగ్గినా రాసేటట్టుంది. ఈగలక్క మనసులో ఆమెకి రాతపిల్ల అని పేరు పెట్టుకుంది.

రెండో రోజు టీ వేళకి రాతపిల్ల ఈగల గది తలుపు తోసింది. "లోపలికి రావచ్చా అక్కా? మీరు పనిచేస్తుంటే చూస్తాను."

పన్నెండేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఈగలక్క ముక్కాలిపీటని బట్టతో ఒకసారి తుడిచింది. "కూర్చో అమ్మా. చూసేందుకేముంది, సీసా మార్చడమే."

ముసలి వరస ఈగలకి రెండు రోజులకోసారి కొత్త మేత సీసాలోకి మార్పిడి చెయ్యాలి. ఈగలక్క పాత సీసాని రబ్బరుదిండు మీద టప్‌టప్‌మని రెండుసార్లు కొట్టింది. ఈగలన్నీ అడుక్కి జారాయి. ఆ లిప్తలోనే దూదిబిరడా ఊడబీకి, కొత్త సీసాని మూతికి మూతి ఆనించి, తిరగేసి, మళ్ళీ రెండు దెబ్బలు కొట్టింది. ఈగలు కొత్త సీసాలోకి రాలాయి. బిరడా పెట్టేసింది. అంతా రెండు సెకన్లు. నాలుగో సీసా దగ్గర ఒక ఈగ మాత్రం సందులోంచి పైకి లేచి ట్యూబులైటు వైపు పోయింది.

"అదేమవుతుంది?"

"అదిగో, ఆ వెనిగరు సీసాలో పడి చస్తుంది." మూలనున్న సీసాలో అడుగున నల్లగా మడ్డిలా పేరుకుని ఉంది. "ఎగిరినదాన్ని మళ్ళీ వెయ్యకూడదు. ఏ సీసాలోదో తెలీదు కదా. ఆరో రూలు."

గోడకి ఒక కాగితం అంటించి ఉంది. అంచులు పచ్చబడ్డాయి. ఆకుపచ్చ సిరాతో తొమ్మిది రూల్సు, కింద పెద్దసారు సంతకం. అవి రాసేనాటికి ఆయనింకా పెద్దసారు కాలేదు, జుట్టు నల్లగా ఉండేది. రాతపిల్ల లేచి వెళ్ళి ఆరో రూలు అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది: 'సీసా నుండి బయటికి ఎగిరిన ఈగను ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి వేయరాదు.' పక్కన తేదీ కూడా వేసుకుంది.

"రోజుకెన్ని పోతాయక్కా?"

"ఇప్పుడు ఒకటో రెండో. మొదట్లో అయితేనా, బాబోయ్! బిరడా తియ్యడమే తరవాయి, పదేసి ఎగిరేవి. ఒళ్ళంతా ఈగలే. మా ఆయన పక్కన కూర్చోవద్దనేవాడు." ఈగలక్క నవ్వి, ఇంకో సీసా అందుకుంది. "పోయేవన్నీ చురుకైనవే. మెత్తనివి మిగిలాయి, వాటికి మెత్తని పిల్లలు పుట్టాయి. మామూలు వరసకి ఈ బాధ లేదు. పుట్టాక ఒక్కసారే మార్పిడి. వీటికి ముసలయ్యేలోగా ముప్పైసార్లు. ముప్పైసార్లు వడకడితే ఇంకేం మిగుల్తుంది చెప్పు?"

రాతపిల్ల కలం ఆగింది. ఆ అమ్మాయి కలం ఆగడం ఈగలక్క చూడటం అదే మొదలు.

"అక్కా, అంటే వీటి నెమ్మదితనం ఆయుష్షు వల్ల వచ్చింది కాదు. ఈ మార్పిడి వల్ల వచ్చింది."

"అదంతా నాకేం తెలుసమ్మా. నేను చూసింది చెప్పాను."

"ఎవరికైనా చెప్పారా?"

"ఒకసారి పెద్దసారుకి వరండాలో చెప్పబోయాను. ఈగలంటే నీకెంత ప్రేమో అని నవ్వేసి వెళ్ళిపోయారు. అడగందే చెప్పడం నాదే తప్పు."

ఆ సాయంత్రం ఈగలక్క గడియారాల కొట్టు ముందు ఆగేసరికి మొగుడు ఎడమకంటికి భూతద్దం బిగించుకుని ఖాళీగా కూర్చున్నాడు. "రావే. నువ్వక్కడ ఈగల్ని పెంచు, నేనిక్కడ ఈగలు తోలుకుంటాను. మనింటికి ఈగల యోగం పట్టింది" అన్నాడు. ఆమె రాతపిల్ల సంగతి చెప్పింది. ఏం అడిగిందో, తనేం చెప్పిందో, ముక్కాలిపీట మీద ఎలా కూర్చుందో, అన్నీ. చెప్పిందే రెండుసార్లు చెప్పింది. అతను భూతద్దం తీసి భార్య మొహంకేసి చూశాడు. "ఏంటివాళ, ఇరవయ్యేళ్ళ దానిలా ఉన్నావు?"

"ఒంటికంటితో చూస్తే అలాగే కనబడతాను" అందామె.

మూడో రోజంతా రాతపిల్ల ఈగల గదిలోనే ఉంది. ఈగలు సందులోంచి ఎగిరిపోకుండా అట్టముక్క చుట్టి గరాటు చేసింది. సగం సీసాలకి గరాటు పెట్టి మార్చమంది, సగం మామూలుగా కొట్టమంది, ఎగిరినవి లెక్కపెట్టింది. గరాటు పెట్టినవాటిలోంచి ఒక్కటీ పోలేదు. గరాటు లేకుండా ముసలి వరసలో యాభై సీసాలకి మూడు ఎగిరాయి. మామూలు వరసలో యాభై సీసాలకి నూటపన్నెండు ఎగిరి గదంతా జుమ్మంది. ఇద్దరూ మొహాల మీద తోలుకుంటూ పడీపడీ నవ్వారు.

"రేపు మీ గురించి చెప్తానక్కా. ఇది నా ఆలోచన కాదు, మీదే అని అందరి ముందూ చెప్తాను. మీరు హాల్లో ఉండి తీరాలి."

"నేనెందుకమ్మా అక్కడ? టీలిచ్చేటప్పుడు వస్తాగా."

"కాదు. కూర్చోవాలి."

నాలుగో రోజున ఈగలక్క పెట్టెలోని మంచి బట్టలు కట్టుకుంది. చేతులకి ఈస్టు వాసన పోయేదాకా మూడుసార్లు సబ్బు రుద్దుకుంది. హాల్లో చివరి వరసలో, టీ ఫ్లాస్కుల పక్క కుర్చీలో, అంచు మీద కూర్చుంది.

పదకొండుమందీ అయ్యాక రాతపిల్ల లేచింది. లెక్కలు చూపించింది. ముసలి వరస నెమ్మది కావడానికి కారణం ఆయుష్షు కాకపోవచ్చనీ, అరవై తరాల పాటు ప్రతి మార్పిడిలోనూ చురుకైన ఈగలు తప్పించుకుపోవడమేననీ చెప్పింది. దాన్ని తేల్చడానికి సగం సీసాల్ని గరాటుతో, సగం పాత పద్ధతిలో మారుస్తూ ఇరవై తరాలు పెంచి చూడాలంది.

"ఈ సంగతి కనిపెట్టింది నేను కాదు. అక్కడ కూర్చున్న అక్క. పన్నెండేళ్ళ నుంచి ఆవిడ చూస్తూనే ఉన్నారు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. అతిథి మేడమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఈగలక్కకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, రెండిట్నీ మింగి తల వంచుకుంది. తన బతుకులో ఎవరూ తన కోసం చప్పట్లు కొట్టలేదు.

పెద్దసారు మాత్రం కొట్టలేదు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. అది చాలు ఆయనకి, ఆ కాస్తలోనే దారి దొరికింది.

"చాలా గొప్ప విషయం" అన్నారు. "పన్నెండేళ్ళుగా మనకి తెలియకుండా ఒక పొరపాటు జరుగుతూ వచ్చిందన్నమాట. పాపం, ఆవిణ్ణి ఏమీ అనలేం. చదువు లేని చెయ్యి. ఏమ్మా, ఎగిరిన ఈగల్ని నువ్వు పారేస్తూ వచ్చావా?"

ఈగలక్క లేచింది. "అవునండీ."

"ఎన్ని పారేశావో ఎక్కడైనా రాశావా?"

"రాయమని చెప్పలేదండీ."

"పారెయ్యమని ఎవరు చెప్పారు మరి?"

"మీరేనండీ. ఆరో రూలు. గదిలో గోడకి మీ కాగితం ఉంది."

పెద్దసారు నొసలు ముడిచి గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు పైకి చూశారు. ఆ నటన ముందు నాటకాలవాళ్ళు దిగదుడుపే. "నేను అలాంటిదేదీ రాసినట్టు గుర్తులేదే."

"గదిలోకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఆ కాగితం చూశారా?" అని అతిథి మేడమ్ విద్యార్థులనడిగింది. నిజం తెలుసుకుందామనే అడిగింది పాపం.

గదిలోకి వెళ్ళింది ఒక్కరే. రాతపిల్ల బోర్డు పక్కనే నిలబడి ఉంది, నోటుబుక్కు చేతిలో ఉంది, చూపుడువేలు ఆ పేజీలోనే ఉంది. పెద్దసారు ఆ పిల్లవైపు చూశారు, కోపంగా కాదు, కాబోయే గురువు చూసినట్టు చల్లగా చూశారు. రాతపిల్ల కుక్కిన పేనులా ఉండిపోయింది.

ఈగలక్క ఎదురుచూసింది. ఇప్పుడు చెప్తుంది, గొంతు సవరించుకుంటోంది అనుకుంది. రాతపిల్ల గొంతు సవరించుకుంది, పేజీలోంచి వేలు తీసి నోటుబుక్కు మూసేసింది.

"పోనీలెండి, ఎవరు చెప్తే ఏం, జరిగింది జరిగింది" అన్నారు పెద్దసారు. "మనిషి చేతి పొరపాటు కూడా ప్రకృతిలో భాగమే. అదే ఇవాళ్టి పాఠం." హాలంతా చప్పట్లు. సీటు రాతపిల్లకే ఇస్తున్నట్టు ప్రకటించారు. మళ్ళీ చప్పట్లు. ఈగలక్క కూర్చోవాలో నిలబడాలో ఎవరూ చెప్పలేదు. ఫ్లాస్కులు తీసుకుని బయటికి వచ్చేసింది.

ఫ్లాస్కులు కడిగి సాయంత్రం గదికి వెళ్ళేసరికి గోడ మీద కాగితం లేదు. నాలుగు మూలలా టేపు ముక్కలు మాత్రం అంటుకుని ఉన్నాయి, మధ్యన గోడ తెల్లగా ఉంది. ఆఫీసు గుమస్తా వచ్చి రేపట్నుంచి సీసాలు కడిగే గదిలో పనని చెప్పాడు. ఫైలు సంగతి అడిగితే, "పని తీరులో లోపం అని రాసి వెనక్కి పంపారమ్మా" అని నేలకేసి చూస్తూ అన్నాడు.

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. ఈసారి ఒక్కసారే చెప్పింది. "ఏరు దాటి తెప్ప తగలేసింది నీ రాతపిల్ల" అన్నాడతను. ఆమె కంటనీరు చూసి, "పోనీలేవే, దేవుడు రెండు కళ్ళు ఎందుకిచ్చాడు, ఒకటి స్పేరుకే కదా" అన్నాడు. ఆ రోజు ఆ హాస్యానికి ఆమె నవ్వలేదు, అతనూ నవ్వలేదు.

ఐదో రోజు పొద్దున ఈగలక్క సబ్బునీళ్ళ తొట్టి ముందు నిలబడి ఉంది. ఉడకబెట్టిన సీసాల్లోకి బ్రష్షు దూర్చి తిప్పడం, కుళాయి కింద జాడించడం, బోర్లించడం. వంద సీసాలు అయ్యేసరికి వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి. తలుపు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డట్టు తెలిసింది. తల తిప్పలేదు.

"అక్కా" అంది రాతపిల్ల.

ఈగలక్క ఇంకో సీసా తీసుకుంది.

"అక్కా, నిన్న నాకు నోరు పెగల్లేదు. ఆ సీటు కోసం మా ఇంట్లో అందరూ..." అంటూ ఆగిపోయింది. చేతిలో ట్రే ఉంది, ట్రేలో పది సీసాలు, వాటి పక్కన మడిచిన కాగితం. "పొద్దున్నుంచి నేనే కొట్టి చూస్తున్నానక్కా. ఒకసారి ఇరవై పోతున్నాయి, ఒకసారి ఒక్కటీ పోవడంలేదు. నా చెయ్యి మీ చెయ్యిలా లేదు. పాత పద్ధతి సీసాలు మీరే కొట్టాలి, లేకపోతే ఈ ప్రయోగమే లేదు. పెద్దసారుతో అదే చెప్పాను. మిమ్మల్ని మళ్ళీ గదిలోకి తీసుకుంటామన్నారు."

"పొరపాటు చెయ్యడానికా?"

రాతపిల్ల ట్రేని తొట్టి పక్క గట్టు మీద దింపింది. "ఫైలు కూడా మళ్ళీ తెప్పిస్తామన్నారు. ఇవాళే సంతకం చేస్తారట. మీరు ఈ కాగితం మీద పెడితే."

ఈగలక్క చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. చదువు లేని చెయ్యి అన్నారు కానీ చదవడం వచ్చు ఆమెకి. నిలబడే మెల్లగా చదివింది. 'మార్పిడి సమయంలో బయటికి ఎగిరిన ఈగలను పారవేయుట నా సొంత అలవాటు. దీనికి సంబంధించి నాకు ఎవరూ ఎటువంటి ఆదేశము ఇవ్వలేదు.' కింద రెండు గీతలున్నాయి. ఒకటి సంతకానికి, ఒకటి సాక్షికి.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటే ఇదే కాబోలు అనుకుంది. కాగితం చింపి తొట్టిలో పడెయ్యాలని వేళ్ళు జిలపెట్టాయి. ఆ కోపం నిజమైన కోపం. ఆ వెంటనే కొట్టులో ఎడమకన్ను మీదకి భూతద్దం బిగించుకుని, గడియారంలోని మరని వేలికొనతో తడుముకుంటున్న మనిషి కనబడ్డాడు. ఆ వేలికొన ఎన్నిసార్లు తప్పుతుందో ఆమె లెక్కపెట్టింది ఒకరోజు.

"కలం ఇవ్వు" అంది.

కాగితాన్ని పక్కన బోర్లించి ఉన్న ఖాళీ ట్రే మీద పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో, తొందరేమీ లేకుండా తన పేరంతా రాసింది. వేళ్ళ తడికి ఒక అక్షరం కాస్త చెదిరింది. ఊది ఆరబెట్టింది. రాతపిల్ల ఊపిరి తీసుకుని చెయ్యి చాచింది.

ఈగలక్క కాగితం ఇవ్వలేదు. కలం ఇచ్చింది.

"సాక్షి గీత ఖాళీగా ఉందమ్మా."

"అది... అది గుమస్తాగారు పెడతారులెండి అక్కా."

"గుమస్తాగారు నా గదిలోకి ఒక్కనాడూ రాలేదు. గోడ మీద కాగితం ఉందో లేదో ఆయనకేం తెలుసు? చూసినదానివి నువ్వే. ఆదేశమేదీ లేదని నువ్వు రాస్తేనే దానికి విలువ."

"అక్కా, ప్లీజ్..."

"నిన్నేమీ అనడంలేదమ్మా. నా మొగుడి కన్ను కోసం నేను పెట్టాను. నీ సీటు కోసం నువ్వు పెట్టు. సమానమే కదా."

ఆ మాటలో వెటకారం లేదు. సీసా అందిస్తున్నట్టే కాగితాన్ని ఆ పిల్ల ముందు పెట్టి, చెదిరిపోకుండా అంచు మీద వేలు ఆనించింది. బయట వరండాలో అతిథి మేడమ్‌ని సాగనంపుతూ పెద్దసారు ఏదో చెప్పి నవ్వుతున్నారు. రాతపిల్ల వంగింది. చంకలోని లావుపాటి నోటుబుక్కు జారి కింద పడింది. తీసుకోలేదు. కలం గీత మీద ఆనించింది. నాలుగు రోజులు ఎవరు దగ్గినా తుమ్మినా రాసిన కలం అక్కడే నిలబడిపోయి, మొన దగ్గర సిరా చుక్కగా ఊరి, పెద్దదవుతోంది.

"రాయమ్మా" అంది ఈగలక్క. "నాకింకా మూడొందల సీసాలున్నాయి."